నా పులిహోరను చూసి ఛ అన్న ఊరు

2009 అక్టోబరు 10, శనివారం సాయంత్రం. నేపాల్‌లో త్రిశూలి నదికి పైన, కొండమీద ఒక ఊరు. హాజరైనవారు: మా స్కూలు పెద్ద మేడమ్, పీటీ సార్, సిస్టరక్క, పదకొండో తరగతి పిల్లలు, ఆ ఊరి బడి మాస్టారు, మేం దిగిన ఇంటి ఆమా, పిల్లాజెల్లాతో ఊరు ఊరంతా, చేతిలో గరిటెతో నేను.

ఆ రోజుల్లో మా రాయపూర్‌కు రాజధాని హోదా వచ్చి ఇంకా పదేళ్లు నిండలేదు. కొత్త రోడ్లు, కొత్త కాలనీలు, వాటితోపాటే కొత్త స్కూళ్లు. ప్రతి స్కూలు బోర్డు మీదా ఇంటర్నేషనల్ అనే మాట ఉండేది. బోర్డు మీద అంత మాట రాయించాక పిల్లల్ని ఎప్పుడో ఒకప్పుడు సరిహద్దు దాటించక తప్పదు కదా. సింగపూర్ అంటే ఖర్చెక్కువ, నేపాల్ అయితే గోరఖ్‌పూర్ దాకా రైలు, ఆపైన బస్సు. అలా మా స్కూలు నేపాల్‌కు పోయింది. నదిలో పడవ సాహసం ఒకటి, కొండ ఊరి బడికి రంగులు వేసే సేవ ఒకటి, మధ్యలో కొండలెక్కడం. ఇదీ కార్యక్రమం. ఇందులో నా పాత్ర ఏమిటంటే, పోపు డబ్బా మోయడం.

అప్పటికి నాకు నలభై దాటాయి. వయసుకు కాకపోయినా ఆ ఉద్యోగానికి నేను పసివాణ్ణి. అంతకుముందు రాయపూర్ పక్కనే ఉన్న ఉర్లాలో ఒక ఇనుప సామాన్ల ఫ్యాక్టరీలో స్టోర్స్ చూసేవాణ్ణి. అది మూతపడ్డాక ఈ స్కూల్లో మెస్ స్టోర్ చూసుకునే పని దొరికింది, అదీ కచ్చా నౌకరీ, పర్మనెంటు కాదు. పిల్లలు మిగతా అందర్నీ సార్ అనేవాళ్లు, నన్ను మాత్రం స్టోర్ అంకుల్ అనేవాళ్లు. (బోల్టులు లెక్కపెట్టిన చేత్తో బంగాళాదుంపలు లెక్కపెడుతున్నాను కనుక ఆ పిలుపుకు నాకు అభ్యంతరం లేదు.) ప్రయాణానికి ముందు పెద్ద మేడమ్, అంటే మా వైస్ ప్రిన్సిపాల్, నన్ను గదిలోకి పిలిచారు. ఆవిడ మాట్లాడేదంతా హిందీలోనే, తెలుగులో రాస్తున్నాను. "పిల్లల తల్లిదండ్రులకు తిండి గురించే బెంగ. మీరు వెంట రండి. ఈ ట్రిప్‌లో తిండి విషయంలో ఒక్క మాట రాకుండా గడిస్తే తిరిగి రాగానే మిమ్మల్ని పక్కా చేసేస్తాం" అన్నారు. ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి తిరిగి కూడా చూడలేదు. "పక్కా అన్నారు కదా. నోరు మూసుకుని ఎలిపోండి. అక్కడ పెద్ద తెలివి సూపించీకండి" అంది. వాళ్లది శ్రీకాకుళం వైపు. మా నాన్నా అక్కడినుంచే రైల్వేలో చేరి రాయపూర్ వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కాబట్టి నా తెలుగులో సగం హిందీ, నా హిందీలో సగం తెలుగు. ఈ రెండూ కలిసి ఒక మనిషిని ఎంత దూరం తీసుకెళ్లి ముంచగలవో అప్పటికి నాకు తెలియదు.

సరిహద్దు దాటడం గురించి చాలా ఊహించుకున్నాను. చివరికి అదొక గేటు. సైకిళ్లు, మేకలు, ఉల్లిపాయల రిక్షాలు అన్నీ అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక కాలు భారతదేశంలో, ఒక కాలు విదేశంలో పెట్టి ఒక్క క్షణం నిలబడదామనుకున్నాను గానీ వెనక నుంచి ఎవరో "హటో భాయ్!" అని తోసేశారు. అలా నా తొలి విదేశీ పర్యటన మొదలైంది.

మేం దిగిన ఇల్లు ఒక పెద్దావిడది. ఊరంతా ఆమెను ఆమా అనే పిలిచేవాళ్లు. ఆమా అంటే వాళ్ల భాషలో అమ్మ. అది విని సిస్టరక్క పొంగిపోయింది. "చూశావా తమ్ముడూ, ఇంతదూరమొచ్చినా అమ్మ అమ్మేనంట. ఈ భాష మనకి రెండ్రోజుల్లో వచ్చేస్తాది." సిస్టరక్క మా స్కూలు నర్సు. ఊరు గోదావరి జిల్లాలో, కాపురం రాయపూర్ రైల్వే కాలనీలో, ఆదివారం చర్చిలో పాట అందుకుంటే వెనక వరస దాకా వినిపించే గొంతు. ఆ బృందంలో నేను తెలుగులో మాట్లాడగల మనిషి ఆవిడ ఒక్కతే. ఆ ఊళ్లో హిందీ బాగా వచ్చినవాడు బడి మాస్టారు ఒక్కడే. ఆమాకు హిందీ రాదు, నాకు నేపాలీ రాదు. ఇద్దరం చేతులతో, కళ్లతో, గరిటెలతో మాట్లాడుకున్నాం.

మొదటి రోజే పెద్ద మేడమ్ ఒక ప్రకటన చేశారు. చివరి సాయంత్రం మనమే వండి ఊరందరికీ పెట్టాలి, సేవ అంటే గోడకు రంగు పూయడం ఒక్కటే కాదు, అని. అందరూ నా వైపు చూశారు. నేను లోలోపల మురిసిపోయాను. ఎందుకంటే మా కాలనీ శ్రీరామనవమి పందిట్లో ఏటా పులిహోర కలిపేది నేనే. పులిహోర, పాయసం అని అక్కడికక్కడే ప్రకటించాను. స్టోర్స్‌లో పనిచేసినవాణ్ణి కనుక నమూనా పరీక్షించకుండా సరుకు బయటికి పంపే అలవాటు నాకు లేదు. ఆ సాయంత్రమే ఆమా వంటింట్లో చిన్న గిన్నెడు పులిహోర కలిపి, మా అమ్మ వేసినట్టే చివర్లో చిన్న బెల్లం ముక్క వేసి, ఆమా అరచేతిలో పెట్టాను.

ఆమా నోట్లో వేసుకుంది. నమిలింది. కళ్లు పెద్దవి చేసి నా ముఖంలోకి చూసి గట్టిగా అంది: "మీఠో ఛ!"

నా చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది. మీఠో అంటే మీఠా అని, తీపి అని, హిందీ వచ్చిన ఎవరికైనా తెలుస్తుంది. ఇక ఛ అంటే ఏమిటో తెలుగువాడికి ఒకరు చెప్పాలా? పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి నేను ఎన్ని ఛీలు, ఎన్ని ఛలు తిన్నాను! కానీ పులిహోర విషయంలో నన్నెవరూ ఛ అనలేదు. అదీ ఇంటావిడ, పెద్దావిడ, నవ్వుతూ మరీ!

బయటికొచ్చి అరుగు మీద కూలబడితే సిస్టరక్క పిల్లల చేతుల బొబ్బలకు మందు రాస్తోంది. (మా పిల్లల్లో సగంమంది రైస్ మిల్లుల వారసులు. బడి గోడకు నది నుంచి రాళ్లు మోయడమనే సేవ వాళ్ల అరచేతులకు అలవాటు లేదు.)

"ఏంటి తమ్ముడూ, అలా డీలా పడిపోయావ్?"

"మన పులిహోరని ఛ అందక్కా."

"ఎవరూ?"

"ఆమా. నా మొహం మీదే. మీఠో, ఛ! అంది."

"ఓర్నాయనో! బెల్లం ఎంతేశావేంటి?"

"మా అమ్మ వేసేంతే."

"అదీ సంగతి. కొండోళ్లకి తీపి పడదేమో. రేపు బెల్లం తీసేసి చూడు. మరీ అంత పరేషాన్ అయిపోకు."

మాస్టారిని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చదివేవాళ్లందరికీ అదే అనిపిస్తుందని తెలుసు. కానీ మాస్టారు పగలంతా పెద్ద మేడమ్ పక్కనే ఉండేవాడు. తిండి విషయంలో ఒక్క మాట రాకూడదన్నారు కదా. ఛ అన్న మాటను నేనే తీసుకెళ్లి ఆవిడ చెవిన ఎలా వేస్తాను? గుట్టుగా నేనే సరిచేసుకుందామనుకున్నాను.

రెండో రోజు బెల్లం తీసేశాను. దానికి బదులు చింతపండు కొంచెం పెంచాను. ఆమా తిని ఈసారి నా భుజం కూడా తట్టింది. "ధేరై మీఠో ఛ!" మా వైపు హిందీలో ఢేర్ అంటే కుప్ప. అంటే ఏమన్నమాట? తీపి కుప్పపోశావు, ఛ! బెల్లం అసలే లేని పులిహోరలో ఆవిడకు తీపి ఎక్కడ తగిలిందో నాకు అంతుపట్టలేదు. అన్నంలో సహజంగా ఉండే తీపి కూడా గిట్టని నాలుక కాబోలనుకున్నాను.

ఆపైన గమనించడం మొదలుపెట్టాను. (గమనించడం నా చిన్నప్పటి జబ్బు. రోజూ డైరీ రాసేవాడికి అది తప్పదు.) ఆ ఊళ్లో ఎవరు దేన్ని చూసినా ఛ అంటున్నారు. మా పిల్లలు బడి గోడకు నీలం రంగు పూశారు, రంగు కారి కిందంతా చారలు కట్టింది. ఊరి పెద్దలొచ్చి చూసి, తలలూపి, "రామ్రో ఛ" అన్నారు. అక్కడ నాకు తప్పనిపించలేదు, ఆ గోడకు ఛ న్యాయమే. కానీ ఎదురుగా మంచుకొండ మెరుస్తుంటే దాన్ని చూపించి ఛ అన్నారు. చల్లటి ఊటనీళ్లు తాగి ఛ అన్నారు. చివరికి ఆమా తన సొంత గేదె వీపు నిమురుతూ, ప్రేమగా, ఛ అంది. ఆ పూట డైరీలో ఇలా రాసుకున్నాను: "ఈ ఊరివాళ్లు మంచివాళ్లే గాని దేనికీ తృప్తి పడరు. ఇంటి గేదెను సైతం ఈసడించుకుంటారు. స్వభావం." సిస్టరక్కకు చదివి వినిపిస్తే ఆవిడ కూడా "పాపం, పేదరికం తమ్ముడూ, మనిషిని అలా చేసేస్తాది" అని నిట్టూర్చింది.

మూడో రోజు, అంటే శనివారం పొద్దున, నదిలో పడవ సాహసం. గాలి నింపిన రబ్బరు పడవ, నెత్తిన టోపీ, ఒంటికి నారింజరంగు కోటు. నాకు ఈత రాదు, సామాను చూసుకుంటానని ఒడ్డునే ఉండిపోబోయాను. "అరే బడే భైయా, ఆప్ నహీ ఆయేంగే తో మజా కైసే ఆయేగా!" అని, మీరు రాకపోతే సరదా ఏముంటుందంటూ పీటీ సార్ రెక్క పట్టి లాగేశాడు. ఎక్కాను. మొదటి సుడి దగ్గరే పడవ లేచి పడింది. నాకు తెలిసిన దేవుళ్లనందరినీ పిలిచాను. దేవుళ్లు అయిపోయాక ఉర్లా ఫ్యాక్టరీ మేనేజరును కూడా పిలిచానని పిల్లలు తరవాత చెప్పుకుని నవ్వారు. గట్టుకు చేరాక తడిబట్టలతో వణుకుతూనే మూడో నమూనా తీశాను. ఈసారి పచ్చిమిర్చి దండిగా పడింది, చింతపండు ఇంకా పెరిగింది. ఒక పిల్ల రుచి చూసి, కళ్లు మూసుకుని, "స్టోర్ అంకుల్, బహుత్ ఖట్టా హై" అంది, మరీ పులుపని. "ఇది మీకు కాదమ్మా, ఊరివాళ్లకు. వాళ్ల నాలుకలు వేరు" అని గంభీరంగా చెప్పాను. ఆ పిల్ల నీళ్లకోసం పరుగెత్తింది.

ఇక ఆ శనివారం సాయంత్రం. బడి ముందు చదునుగా ఉన్న చోట చాపలు పరిచారు, ఆకుల విస్తళ్లు వేశారు. నా పులిహోర పెద్ద గంగాళంలో మిలమిలా మెరుస్తోంది. చింతపండు అందులో ఎంత పడిందో తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు పులుస్తాయి. పక్కనే పాయసం. తీపంటే ఛ అనేవాళ్లకు పాయసమెలా పెట్టాలి? బాగా ఆలోచించే ఒక నిర్ణయం తీసుకున్నాను. పాలు, బియ్యం, యాలకులు, జీడిపప్పు అన్నీ వేశాను. చక్కెర సంచి మాత్రం విప్పలేదు. కొత్త తువ్వాలు భుజాన వేసుకుని, మొదటి గరిటె ఆమా విస్తట్లో వడ్డించి, ఎదురుగా నిలబడ్డాను.

ఆమా పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. దవడ ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ కదిలింది. మింగింది. నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

ఛ అనలేదు!

"అక్కా, చూశావా? అనలేదు!" అన్నాను పక్కనున్న సిస్టరక్కతో. "దేవుడికి స్తోత్రం" అందావిడ.

ఆ ఊపులో వరసంతా వడ్డించుకుంటూ పోయాను. పోతూ పోతూ ప్రతి ముఖంలోకీ చూశాను. అందరూ తల వంచుకుని తింటున్నారు. కొందరి కళ్లల్లో నీళ్లు. రేపు వెళ్లిపోతున్నామని బాధ కాబోలు, ఎంత మెత్తని మనుషులు, అనుకుని ఒక్కొక్కరికీ ఇంకాస్త ఎక్కువే వేశాను. ఒక ముసలాయన విస్తరికి చెయ్యి అడ్డంపెట్టి "పుగ్యో, పుగ్యో" అన్నాడు. పొగ! పొయ్యి పొగ కళ్లల్లోకి వెళుతున్నట్టుందని తువ్వాలుతో విసిరి, పొగ అటు మళ్లించి, ఆయనకింకో గరిటె వేశాను. ఆయన నన్నొక చూపు చూశాడు. ఆ చూపుకు అర్థం అప్పుడు తెలియలేదు.

చివర్లో పెద్ద మేడమ్ దగ్గరికొచ్చాను. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నోరు తెరవలేదు. తెరిచాక, "ఇది ఏమిటి?" అన్నారు.

ఈ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు, ఊరందరికీ వినపడేలా హిందీలో చెప్పాను. "మేడమ్, వీళ్లకు తీపి గిట్టదు. ఆమా మూడు రోజులుగా నన్ను తిడుతూనే ఉంది. ఏం పెట్టినా మీఠో, ఛ! మీఠో, ఛ! అందుకని రోజుకింత సరిచేస్తూ వచ్చాను. ఈ రోజు కుదిరింది."

మేడమ్ పక్కన కూర్చున్న బడి మాస్టారు చేతిలో ముద్ద విస్తట్లో పడిపోయింది. "తిట్టిందా?" అన్నాడు. "సార్, మీఠో అంటే మాకు రుచిగా అని. ఛ అంటే ఉంది అని. హిందీలో హై అంటారే, అదే. ఆమా మిమ్మల్ని తిట్టలేదు. చాలా బాగుంది, చాలా బాగుంది అని మూడు రోజులుగా మెచ్చుకుంటోంది."

నేను నిలబడ్డ చోట నేల రెండుగా చీలితే బాగుండుననిపించింది. రాతినేల, చీలలేదు. మాస్టారు పాపం మంచివాడు, ఊరుకోవచ్చు కదా. లేచి నిలబడి సంగతంతా నేపాలీలో ఊరివాళ్లకు చెప్పాడు. తరవాత ఎవరో ఒకావిడ కిసుక్కుమంది. ఆపైన కొండంతా నవ్వింది. అంతసేపూ మర్యాదకు బిగబట్టుకున్నవాళ్లు దగ్గుతూ, ముక్కులు తుడుచుకుంటూ, నీళ్ల చెంబులకోసం చేతులు చాస్తూ నవ్వారు. ఆమా అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కావిడ ఒళ్లోకి ఒరిగిపోయింది. ఆ నవ్వుల మధ్య సిస్టరక్క గొంతు అందరికంటే పైన వినిపించింది. "అయితే తమ్ముడూ, గేదెని కూడా తిట్టలేదన్నమాట!" ఇంకేముంది, పిల్లలు పట్టుబట్టి గేదె సంగతేమిటో చెప్పించుకున్నారు. మాస్టారు దాన్ని కూడా అనువదించాడు. పనిలో పనిగా రామ్రో అంటే బాగా అని, పుగ్యో అంటే పొగ కాదని, చాలు అని కూడా తేల్చాడు. ఆ ముసలాయన నావైపు రెండు చేతులూ జోడించాడు.

ఇంతలో పెద్ద మేడమ్ పాయసం నోట్లో పెట్టుకున్నారు. లేచి వంటింట్లోకి వెళ్లి, చక్కెర సంచి మూతి విప్పి, ఒక గిన్నెలో పోసుకుని వచ్చారు. ఆపైన నేను ముందు పాయసం వడ్డిస్తుంటే, నా వెనకే ఆవిడ ప్రతి విస్తట్లోనూ చెంచాడు చక్కెర చల్లుకుంటూ నడిచారు. వరస మొదలు నుంచి చివరి దాకా, ఊరందరి ఎదుటా, పట్టుచీరలో మా వైస్ ప్రిన్సిపాల్! పొద్దుటి నదిలో కొట్టుకుపోయినా బాగుండేదనిపించింది. ఉద్యోగం సంగతి ఇక అడగక్కర్లేదని నాకర్థమైపోయింది. పక్కా అవడం మాట అటుంచి, ఉన్న కచ్చా కూడా మిగలదు. మా ఆవిడకేం చెప్పాలి? ఒక అక్షరానికి ఉద్యోగం పోయిందంటే నమ్ముతుందా?

మర్నాడు పొద్దున్నే మేడమ్ పిలవకముందే నేనే వెళ్లి చెప్పేద్దామని బయలుదేరాను. క్షమించండి, ఇంకెవర్నైనా చూసుకోండి, అని వాక్యం కూడా తయారుచేసుకున్నాను. అయితే ఆవిడ ఎక్కడున్నారో చెప్పడానికి సంకోచంగా ఉంది. ఆమా ఇంటి పెరట్లో ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డి ముందు, వరసలో. చేతిలో నీళ్ల చెంబు. ఆవిడ ముందు పీటీ సార్, వెనక సగం పదకొండో తరగతి. అందరి చేతుల్లోనూ చెంబులే. నా చింతపండు రాత్రంతా పనిచేసినట్టుంది. సిస్టరక్క వరస పక్కన నిలబడి మాత్రలు పంచుతోంది. నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇప్పుడొద్దు తమ్ముడూ. వెనక్కెళ్లిపో."

"రానివ్వండి" అన్నారు మేడమ్.

వరస ముందుకు కదులుతుంటే, ఆవిడ పక్కనే నేనూ కదులుతూ, తయారుచేసుకున్న వాక్యం అప్పజెప్పాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు.

"రాత్రి ఆ పులిహోర ఊరంతా తిన్నారు. ఒక్కరూ విస్తట్లో వదల్లేదు. నేనూ వదల్లేదు. ఎందుకో తెలుసా?"

"తెలీదు మేడమ్."

"మీరు ఎదురుగా నిలబడి ప్రతి ఒక్కరి ముఖంలోకీ చూస్తున్నారు. అలా చూస్తుంటే ఎవరు వదలగలరు?" అని ఒక్క అడుగు ముందుకు జరిగారు. "మెస్‌లో మన పిల్లలు తింటుంటే వాళ్ల ముఖాల్లోకి చూసే మనిషి ఇన్నేళ్లలో నాకు దొరకలేదు. వెళ్లగానే కాగితాలు చేయిస్తాను. ఉద్యోగం పక్కా. గరిటె మాత్రం ముట్టుకోకండి." అంతలో తలుపు తెరుచుకుంది. పీటీ సార్‌ను పక్కకు నెట్టి ఆవిడే ముందు వెళ్లిపోయారు.

సంతోషించాలో సిగ్గుపడాలో తెలియక అక్కడే నిలబడిపోయాను. రెండూ చేశాననుకుంటాను, కానీ సిగ్గు పాలే ఎక్కువ. (పదవీ విరమణ దాకా ఆ మెస్‌లోనే ఉన్నాను. గరిటె ముట్టుకోలేదు. మా శ్రీరామనవమి పందిట్లో మాత్రం ఇప్పటికీ నేనే కలుపుతాను, సిస్టరక్క మాత్రం వడ్డనకు వచ్చి ముందు రుచి చూశాకే బయటికి పంపుతుంది.)

బస్సెక్కే వేళకు ఊరంతా దారి పక్కన నిలబడింది. ఆమా కిటికీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని, నవ్వుతూ, ఏదో చాలా పొడుగు మాట చెప్పింది. అది వినగానే చుట్టూ ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. పుగ్యో అన్న ముసలాయన అయితే కర్ర వదిలేసి పొట్ట పట్టుకున్నాడు. నేను మాస్టారి వైపు తిరిగి, "ఏమంటోంది?" అని అడిగాను. అప్పటికైనా అడగడం నేర్చుకున్నాను కదా.

మాస్టారు ఆమా వైపు చూశాడు, నా వైపు చూశాడు, పెదవి కొరుక్కున్నాడు. "ఏం లేదు సార్, మళ్లీ రమ్మంటోంది" అన్నాడు.

మళ్లీ రమ్మన్నందుకు అంతమంది అంతసేపు నవ్వరని ఆ నలభై దాటిన పసివాడికి కూడా తెలుసు. అయినా చెవులు కాలిపోతుంటే, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "తప్పకుండా వస్తానని చెప్పండి" అన్నాను. మాస్టారు చెప్పాడు. వాళ్లు మళ్లీ నవ్వారు. బస్సు కదిలింది.